మేనమామ పోలిక

నవంబరు చివర్లో మా బావగారితో కలిసి కైబాబ్ పీఠభూమికి వెళ్లాను. అరిజోనాలో, గ్రాండ్ కాన్యన్‌కు ఉత్తరాన ఉంటుందది. అక్కడ మ్యూల్ డీర్ జింకల వేటకు లాటరీలో అనుమతి రావాలని ఆయన ఏళ్ల తరబడి ఎదురు చూశారు. నా చేతిలో దుర్భిణి తప్ప తుపాకీ లేదు.

ఫీనిక్స్ నుంచి ఆరు గంటల దారి. నవాహో వంతెన దగ్గర ఆగితే కింద కొలరాడో నది, పైన కాండార్ రాబందులు. సీసం తూటా తగిలిన కళేబరాన్ని తింటే వాటికి విషం ఎక్కుతుంది. అందుకే బావగారు రాగి తూటాలే తెచ్చారు.

ఆయన సంచిలో, మగ జింకలు ఏటా రాల్చి మళ్లీ పెంచుకునే కొమ్ము కూడా ఒకటి ఉంది. రెండేళ్ల క్రితం ఈ కొండ పడమటి వాలులోనే దొరికిందట. మ్యూల్ డీర్ కొమ్ము పంగలుగా చీలుతుంది. ఒకటి రెండై, ఆ రెండూ మళ్లీ రెండేసి అవుతాయి. ఈ కుడి కొమ్ముకు వెనుక పంగ బయటి అంచున బొటనవేలంత ముల్లు అదనంగా ఉంది. కంటి పైన మొలవాల్సిన చిన్న కొన అసలు లేదు. ఇది ఒక్క జింక తీరా, ఈ లోయలో వంశమంతటి తీరా అని తేల్చుకోవాలని ఆయన పట్టుదల. వేట కోసం అడవిలో కెమెరాలు పెట్టడాన్ని అరిజోనా 2022 నుంచి నిషేధించింది కనుక కళ్లే ఆధారం.

మొదటి సాయంత్రమే ఎడమ కొమ్ము కిందికి వంగిన పోతు కనిపించింది. వంశలక్షణం దొరికిందని సంబరపడ్డాను.

"కొమ్ము సరే, కాళ్లు చూడు" అన్నారు బావగారు.

కుడి వెనుక కాలు కుంటుతోంది. వెనుక కాలికి గట్టి దెబ్బ తగిలితే చాలాసార్లు అవతలి వైపు కొమ్ము వంకర తిరుగుతుందట. ఎదిగే కాలంలో, మెత్తని నూగు చర్మం కింద ఉండగా కొమ్ముకే దెబ్బ తగిలినా ఆకారం చెడుతుంది. మరుసటేడు మళ్లీ మామూలుగా రావచ్చు. పరిమాణాన్నీ నమ్మలేం. కరువు ఏడాది కొమ్ము సన్నబడుతుంది. ఏడాదిన్నర పోతుకు సాధారణంగా రెండేసి కొనలే ఉంటాయి, నిండు కొమ్ముకు ఐదారేళ్లు పడుతుంది. ఏటా అదే చోట వచ్చే గుర్తు, బంధువుల తలల మీదా కనిపించే గుర్తు, అదీ వెతకాల్సింది.

ప్రకాశం జిల్లాలో మా తాతగారు ఒంగోలు గిత్త మూపురం, గంగడోలు చూసి అది ఏ ఊరి ఆబోతు బిడ్డో చెప్పేవారు. ఆయన తల్లి ఆవును కూడా చూసే మాట్లాడేవారు. ఇక్కడ తల్లికి కొమ్ములే ఉండవు. వారసత్వంలో సగం ఆమెదే, కానీ అది బయటపడేది కొడుకుల తల మీద. మన ఇళ్లలో మేనమామ పోలిక అంటామే, అచ్చం అదే. కొమ్ములు బాగాలేవని లేత పోతులను ఏరి కాల్చేస్తే మంద బాగుపడుతుందనే మాట నాకు అందుకే మింగుడుపడదు. ఆ కొమ్ములను ఇచ్చిన తల్లులు, అక్కచెల్లెళ్లు అడవిలోనే ఉంటారు కదా!

మూడో రోజు తెల్లవారుజామున సన్నగా మంచు పడింది. జూనిపర్ చెట్ల మధ్య ఐదు ఆడజింకలు, వాటి వెనుక నడుము జారిన పెద్ద పోతు. తల తిప్పగానే కుడి పంగ అంచున ముల్లు స్పష్టంగా కనిపించింది. కంటి పైన కొనలు లేవు. బావగారు చాలాసేపు ఊపిరి కుదుటపరచుకుని ఒక్కసారే కాల్చారు.

దగ్గరికి వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నారు. పళ్లు బాగా అరిగిపోయాయి. సంచిలోని కొమ్మును పక్కన పెట్టి చూశాం. ముల్లు అదే చోట, అదే వాలులో ఉంది. రెండేళ్ల క్రితం రాల్చింది ఇదే జింక కావచ్చు. అప్పుడు అది ఒక్క జింక గుర్తే అవుతుంది.

మాంసం మూటలు కట్టి రెండో విడత మోయడానికి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆడజింకలు మళ్లీ వాలులోకి దిగాయి. వాటితో మూడేసి కొనల కుర్ర పోతు ఒకటి ఉంది. కంటి పైన కొనలు దానికీ లేవు. దుర్భిణి బావగారికి అందించాను. "కుడి వైపు చూడండి బావా" అన్నాను. వెనుక పంగ బయటి అంచున, శనగగింజంత బొడిపె.