కరవు సీమలో ఆడపిల్లకు అమ్మవారి పేరు

దేవీ మాహాత్మ్యం పదకొండో అధ్యాయంలో దేవతలు చేసే నారాయణీ స్తుతి ఉంది. స్తుతికి సంతోషించిన అమ్మవారు వరమిచ్చి, తాను ముందు ముందు ఎత్తబోయే అవతారాలను వరసగా చెబుతుంది. ఫలానా కాలంలో వస్తాను, ఫలానా పని చేస్తాను, అప్పుడు లోకం నన్ను ఫలానా పేరుతో పిలుస్తుంది అని. రక్తదంతిక, శతాక్షి, శాకంభరి, దుర్గ, భీమాదేవి, భ్రామరి. అమ్మవారి పేర్లను అమ్మవారి నోటనే వినగలిగే చోటు ఇది. ఆడపిల్లకు పేరు వెతుక్కునే తల్లిదండ్రులు మొదట ఈ అధ్యాయం తెరవాలని నా కోరిక.

మా తమ్ముడి మనుమరాలికి అనంతపురంలో బారసాల దగ్గరపడింది. పిల్ల తల్లిదండ్రులకు నోటికి తేలిగ్గా పలికే పేరు కావాలి. ఊళ్లో ఉన్న మా అమ్మకు, అంటే పిల్ల ముత్తవ్వకు, ఇలవేల్పు నందవరం చౌడేశ్వరి పేరు తప్ప మరొకటి వద్దు. "అన్నా, ఇద్దరి మనసూ నొప్పించకుండా నువ్వే ఒక పేరు చెప్పు" అని తమ్ముడు ఫోను చేశాడు. అప్పటినుంచీ నా మనసు ఈ శ్లోకం దగ్గరే తిరుగుతోంది.

తతః శతేన నేత్రాణాం నిరీక్షిష్యామి యన్మునీన్ |
కీర్తయిష్యంతి మనుజాః శతాక్షీమితి మాం తతః ||

దీనికి ముందు శ్లోకంలో నూరేళ్ల అనావృష్టి ఉంది. నేలమీద చుక్క నీరు లేదు. మునులు మొరపెట్టుకుంటే అమ్మ వస్తుంది. వచ్చి మొదట చేసే పని నూరు కళ్లతో వాళ్లను చూడటం. అందుకని మనుషులు తనను శతాక్షి అని కీర్తిస్తారని చెబుతోంది. ఆ తరువాతి శ్లోకంలో, మళ్లీ వాన పడేదాకా ప్రాణాలు నిలిపే శాకాలను తన దేహంనుంచే పుట్టించి లోకాన్ని పోషిస్తానంటుంది. అప్పుడు శాకంభరి అవుతుంది. దేవీ భాగవతం ఏడో స్కంధం ఈ కథను ఇంకా విస్తరించింది. దుర్గముడనే రాక్షసుడు వేదాలను అపహరిస్తే యజ్ఞాలు ఆగి వానలు పోతాయి. ఎండిపోయిన జనాన్ని చూసి అమ్మ కళ్లనుంచి తొమ్మిది రాత్రులు నీరు కారి, అదే వాన అవుతుంది.

ఈ కథ అనంతపురంలో చదువుకుంటే గుండెకు తగిలినట్టు మరెక్కడా తగలదేమో అనిపిస్తుంది. పడమటి కనుమల చాటున పడిన నేల ఇది. ఏడాది మొత్తానికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ వాన కూడా వేరుశనగ ఊడ దిగే వేళ కురుస్తుందన్న నమ్మకం లేదు. 1876-78 నాటి ధాత కరవు ఈ సీమను ఊళ్లకు ఊళ్లుగా ఊడ్చేసింది. ఇలాంటి చోట పుట్టిన పిల్లకు, కరవులో జనాన్ని కళ్లారా చూసిన తల్లి పేరు పెట్టడంకన్నా గొప్ప ప్రార్థన నాకు తోచడం లేదు. ఆకలి తీర్చడానికి ముందు చూపు ఉంది. ఎవరో మన కష్టాన్ని చూశారన్న ధైర్యం మొదట కలిగి, ఆ తరువాతే కూడు వచ్చింది. అమ్మవారి రెండు పేర్లూ ఆ వరసలోనే పుట్టాయి.

పేరు పెట్టే క్రతువులో కూడా నన్ను ఎప్పుడూ కదిలించేది అన్నమే. పళ్లెంలో బియ్యం పరచి, తండ్రి బంగారు ఉంగరంతో వాటిమీద పేరు రాస్తాడు. కాగితంకన్నా ముందు, ఏ రికార్డుకన్నా ముందు, ఆ పిల్ల పేరు పడేది ధాన్యం మీద. తరువాత కుడిచెవిలో చెబుతారు. కొందరు పురుడు వెళ్లిన పదకొండో రోజున, కొందరు ఇరవయ్యొకటో రోజున ఉయ్యాలలో వేస్తూ ఈ వేడుక చేస్తారు. రాసే పేరు ఒక్కటి కాదు. ఇలవేల్పు పేరు, పుట్టిన నెలనుబట్టి మాసనామం, పుట్టిన నక్షత్రపు పాదానికి వచ్చే అక్షరంతో నక్షత్రనామం, నలుగురూ పిలిచే వ్యవహారనామం. ఈ సంగతి గుర్తుంటే ఇళ్లలో జరిగే వాదాలు చాలావరకు ఉండవు. హస్తా నక్షత్రంలో ఒక పాదానికి ణ, మరో పాదానికి ఠ వచ్చాయని, ఆ అక్షరంతో పేర్లు దొరకలేదని కన్నవాళ్లు కలత పడుతుంటారు. నక్షత్రనామానికి దాని చోటు దానికుంది. పిలిచే పేరు కూడా ఆ అక్షరంతోనే మొదలుకావాలన్న పట్టుదల ఎందుకు?

పిలిచే పేరు ఎలా ఉండాలో మనుస్మృతి రెండో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. స్త్రీల గురించి ఆ గ్రంథం చెప్పిన మాటలన్నింటినీ నేను ఒప్పుకోను. ఈ ఒక్క శ్లోకం మాత్రం ఆడపిల్లమీద ప్రేమతో పలికిందనే నమ్ముతాను.

స్త్రీణాం సుఖోద్యమక్రూరం విస్పష్టార్థం మనోహరమ్ |
మంగల్యం దీర్ఘవర్ణాంతమాశీర్వాదాభిధానవత్ ||

పలకడానికి సుఖంగా ఉండాలి, కఠినంగా ఉండకూడదు, అర్థం తేటగా తెలియాలి, మనోహరంగా, మంగళకరంగా ఉండాలి, దీర్ఘంతో ముగియాలి, ఆశీర్వాదం పలకాలి. వీటిలో ఇప్పుడు మనం ఎక్కువగా వదిలేస్తున్నది స్పష్టమైన అర్థాన్ని. తల్లి పేరులో సగం, తండ్రి పేరులో సగం కలిపి పేరు అల్లుతున్నారు. ఆ ప్రేమను కాదనలేను. కానీ రేపు ఆ పిల్ల "నా పేరుకు అర్థమేమిటి?" అని అడిగితే చెప్పడానికి కథ ఉండాలి కదా! ఆశీర్వాదం ఉండాలన్న మాట నాకు అన్నింటికన్నా ఇష్టం. అమ్మవారికి పని తరువాత పేరు వచ్చింది. మన పిల్లలకు పేరే ముందు వస్తుంది. ఆ పేరుకు తగ్గ బతుకు దక్కాలని పెద్దలందరం కలిసి కోరుకోవడమే నామకరణం.

ఇక పొడవు పేరు, పొట్టి పేరు. ఈ విషయంలో మా సీమ ఆడవాళ్లకు ఒక అన్యాయం జరిగింది. ఓబులమ్మ, చౌడమ్మ, కదిరమ్మ, ఉరుకుందమ్మ వంటి పేర్లు మోటుగా ఉన్నాయని బడిలో నవ్వించుకున్నవాళ్లు, పెళ్లయ్యాక పేరు మార్చుకున్నవాళ్లు ఎందరో. ఓబులమ్మలో ఉన్నది అహోబిలం. కదిరమ్మలో కదిరి నరసింహుడున్నాడు. ఉరుకుందమ్మలో ఈరన్నస్వామి వెలసిన ఉరుకుంద ఉంది. తొలి తెలుగు కవయిత్రిగా చెప్పుకునే, అన్నమాచార్యుల భార్య తాళ్లపాక తిమ్మక్క అసలు పేరు తిరుమలమ్మ. అన్నమాచార్యుల ఇంట్లోనే తిరుమల కొండ అంత చిన్న పిలుపులో ఇమిడిపోయింది. రోజుకు వందసార్లు పలికితే గులకరాయిలా పేరు నునుపుదేలుతుంది, దానివల్ల దేవుడు తగ్గడు. అజామిళుడు నారాయణా అని కొడుకును పిలిచిన పిలుపే నారాయణుడికి చేరిందని భాగవతం చెబుతోంది.

అందువల్ల నేను ఒక్కటే చూస్తాను. పొడవు పేరు కుదించినా అందులో దేవత మిగిలి ఉండాలి. శాకంభరి ఎంతో గొప్ప పేరే, కానీ పసిపిల్లల నోట అది ముక్కలైపోతుంది, మిగిలే ముక్కకు అర్థం ఉండదు. శతాక్షి అలా కాదు. మూడే అక్షరాలు, కుదించే అవసరమే రాదు. ఆడపిల్ల పేరులో బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలని, ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే గృహ్యసూత్రాల మాట. చౌడేశ్వరిలో నాలుగు, శతాక్షిలో మూడు, కలిపితే ఏడు. ఆ లెక్క కూడా సరిపోయినందుకు నాకు పట్టలేని ఆనందం కలిగింది.

తమ్ముడికి చెప్పింది ఇదే. పళ్లెంలో ముందుగా చౌడేశ్వరి అని రాయించు, తరువాత మాసనామం, నక్షత్రనామం, చివరగా శతాక్షి. ఇంట్లో పిలుపు శతాక్షి. మన అమ్మ మాత్రం తన నోరారా చౌడమ్మ అని పిలుచుకుంటుంది, ఎవరూ సరిదిద్దవద్దు. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి కానీ, పేరు లేకుండా కూడా నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకునే వీలుంది, ఆ తరువాత 15 ఏళ్ల వరకు రుసుముతో చేరుస్తారు. కాబట్టి ఆసుపత్రిలో ఎవరో తొందరపెట్టారని ఏదో ఒక పేరు రాయించవద్దు. ధ్రువపత్రంలో "చౌడేశ్వరీ శతాక్షి" అని పూర్తిగా ఉండాలి, ఆధార్‌లోనూ బడిలోనూ అవే అక్షరాలు ఉండాలి. ఇలవేల్పు పేరును పొడి అక్షరంగా కుదించి ఇంటిపేరు పక్కన పడేయడానికి మాత్రం ఒప్పుకోవద్దని మరీ మరీ చెప్పాను.