ఆర్డీ 350 జంట కార్బొరేటర్లు: నాలుగు ఆదివారాల పని

డిసెంబరు నుంచి నా ఆర్డీ 350 (మన రాజ్‌దూత్ 350 బైకు) కుడి స్పార్క్ ప్లగ్ కాఫీ రంగులో, ఎడమ ప్లగ్ సున్నం కొట్టినంత తెల్లగా వస్తున్నాయి. టూస్ట్రోక్ బండికి తెల్ల ప్లగ్ అంటే పెట్రోలు చాలక పిస్టన్ వేడెక్కిపోతున్నట్టు. అలాగే గట్టిగా లాగితే ఏదో ఒక రోజు పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తుంది. ఆ తర్వాత సిలిండర్ బోరు కొట్టించాలి, మంచి పిస్టన్ కోసం ఊళ్లన్నీ వెతకాలి. అందుకే సంక్రాంతి అవ్వగానే పనిలో దిగాను.

బండి 1987 నాటి ‘లో టార్క్’ (తక్కువ పవర్) మోడల్. ఎస్కార్ట్స్ వాళ్లు ఫరీదాబాద్‌లో 1983 నుంచి చేసిన రాజ్‌దూత్ 350లో మొదట వచ్చిన ‘హై టార్క్’ మోడల్‌కి 30.5 హార్స్‌పవర్, దీనికి 27. 347 సీసీ, రెండు సిలిండర్లు, రీడ్ వాల్వులు (గాలి, పెట్రోలు లోపలికే పోనిచ్చే రేకు తలుపులు). పాత ఓనరు 28 ఎంఎం మికుని కార్బొరేటర్ల (గాలిలో పెట్రోలు కలిపేవి) జత పెట్టించాడు.

మొదటి ఆదివారం చేసిందంతా తప్పే. ఎడమ వైపు పెట్రోలు తక్కువైంది కదా అని ఆ ఒక్క వైపే మెయిన్ జెట్ (పెట్రోలు పోయే సన్న రంధ్రమున్న మర, నంబరు పెరిగితే రంధ్రం పెద్దది) 150 తీసి 160 వేశాను. ప్లగ్ రంగు కాస్త దిగింది కానీ స్లో (థ్రాటిల్ ముట్టనప్పటి ఇంజిన్ వేగం) నిలబడలేదు. థ్రాటిల్ వదిలితే ఆర్‌పీఎం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంది. లోపల ఎక్కడో దొంగగాలి పీలుస్తోందనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. నాకు అప్పుడు తట్టలేదు.

మా బస్తీలో ముప్పై ఏళ్లుగా టూస్ట్రోక్ బండ్లే చేస్తున్న ఉస్తాద్ ఉన్నాడు. చెబితే విని ఒక్క మాటే అన్నాడు. "జెట్ ముట్టకు బేటా. కార్బొరేటర్లు అటుదిటు, ఇటుదటు మార్చి చూడు. తెలుపు కార్బొరేటర్ ఎంట పోతదా, సిలిండర్ దగ్గర్నే ఉంటదా?"

రెండో ఆదివారం ముందు 150 జెట్ తిరిగి వేసి, కార్బొరేటర్ల లోపలి భాగాలు ఒకదానివి ఇంకోదాంట్లోకి మార్చి చూశాను. తెలుపు ఎడమ సిలిండర్ దగ్గరే ఉండిపోయింది. అంటే తప్పు కార్బొరేటర్‌ది కాదు. ఇంజిన్ స్లోలో ఉండగా మేనిఫోల్డ్ రబ్బరు (కార్బొరేటర్‌ని ఇంజిన్‌కి కలిపే గొట్టం) చుట్టూ డబ్ల్యూడీ 40 స్ప్రే చిన్నగా కొట్టాను. కుడి పక్క ఏమీ లేదు, ఎడమ పక్క కొట్టగానే శబ్దం మారింది. ఆ రబ్బరు విప్పి చేతిలోకి తీసుకుంటే బాగానే కనిపించింది. రెండు బొటనవేళ్లతో వెనక్కి వంచాను, అప్పుడు తెరుచుకుంది నోరు. అడుగున, క్లాంపు కింద, గోరంత పగులు. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరుకి పడదు, కాబట్టి రెండూ కొత్తవి వేశాను. రీడ్ బ్లాక్ గాస్కెట్లు కూడా. ఎడమ క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చివర గాలి చొరబడకుండా ఆపేది) పోయినా ఇదే లక్షణం ఉంటుంది, అందుకని మాగ్నెటో కవరు తీసి ఆ చుట్టూ కూడా కొట్టి చూశాను. అక్కడ ఏమీ మారలేదు.

గాలి ఆగాక టైమింగ్, అంటే ప్లగ్ నిప్పురవ్వ ఎప్పుడు పడాలనేది. ప్లగ్ రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ పైకి చేరడానికి 2 ఎంఎం ముందు పాయింట్లు (తెరుచుకోగానే ప్లగ్‌లో నిప్పురవ్వ వచ్చే స్విచ్) తెరుచుకునేలా చేశాను. రెండు సిలిండర్లకూ విడివిడిగా చూడాలి. పాయింట్ల గ్యాప్ 0.35 ఎంఎం. ఇది తేడాగా ఉంటే ఎన్ని జెట్లు మార్చినా లాభం లేదు.

మూడో ఆదివారం మొత్తం స్లైడ్లకే (థ్రాటిల్ తిప్పితే కార్బొరేటర్‌లో పైకి లేచి దారి తెరిచేవి) పోయింది. నాకు బాగా నచ్చిన పని ఇదే. గ్రిప్ నుంచి వచ్చే కేబుల్ కింద మూడుగా చీలుతుంది: రెండు కార్బొరేటర్లకు, ఒకటి ఇంజిన్‌కి ఆయిల్ అందించే ఆటోల్యూబ్ పంపుకి. ఫిల్టర్ తీసేసి, రెండు స్లైడ్ల కింద రెండు 3 ఎంఎం డ్రిల్ బిట్లు తిరగేసి, నున్నటి కొస లోపలికి పెట్టాను. స్లైడ్ స్ప్రింగు వాటిని నొక్కి పట్టుకుంటుంది. థ్రాటిల్ వెంట్రుకవాసి తిప్పుతూ పోతే బిట్లు రెండూ ఒకేసారి వదులై కింద పడాలి. నాకు కుడిది ముందు పడింది. ఎడమ కేబుల్ అడ్జస్టర్‌ని అర చుట్టు, ఆ తర్వాత పావు చుట్టు తిప్పుతూ ఆరేడుసార్లు చేశాక, టక్ అని ఒకే చప్పుడుతో రెండూ రాలాయి. ఆ చప్పుడు కోసమే మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. కేబుళ్లు ముట్టుకున్నాక ఆయిల్ పంపు పుల్లీ మీది గీత మళ్లీ చూసుకోవడం మాత్రం మర్చిపోకండి.

తర్వాత స్లో 1300 ఆర్‌పీఎం దగ్గర, ఎయిర్ స్క్రూ (స్లోలో గాలిని సరిచేసేది) రెంటికీ ఒకటిన్నర చుట్టు. ఈ మికునిలో స్క్రూ లోపలికి తిప్పితే పెట్రోలు ఎక్కువ, బయటికి తిప్పితే గాలి ఎక్కువ. రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టి దెబ్బ సమానంగా తగిలేదాకా సరిచేశాను.

నాలుగో ఆదివారం జెట్లు. థ్రాటిల్ గ్రిప్ మీద పావు, సగం, ముప్పావు గుర్తులతో టేపు అంటించాను. మొదటి పావు వరకు పైలట్ జెట్ (స్లోకి పెట్రోలు ఇచ్చే చిన్న జెట్), స్లైడ్ అంచున ఉండే కోతల పని, అక్కణ్నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే సూది, నీడిల్‌ది, చివర మెయిన్ జెట్‌ది. మధ్యలో కాస్త తడబడుతుంటే నీడిల్‌ని పట్టుకునే క్లిప్ ఒక గాడి కిందికి దించాను. నీడిల్ పైకి లేచి, పెట్రోలు పెరిగింది. తడబాటు పోయింది.

ఉదయం ఆరింటికి, ట్రాఫిక్ లేనప్పుడు, తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీదికి టూవీలర్లు రానివ్వరు కదా. కొత్త ఎన్‌జీకే బీ8హెచ్ఎస్ ప్లగ్గులు వేసి, నాలుగో గేర్‌లో ఫుల్ థ్రాటిల్ పట్టుకుని, క్లచ్ నొక్కి, ఇంజిన్ ఆపి, అలాగే జారుతూ పక్కకి వచ్చాను. ప్లగ్ రంగు మొన చూసి చెప్పకూడదు. లోపల, పింగాణీ మొదలు దగ్గర, టార్చి వేసి భూతద్దంతో చూడాలి. అక్కడో సన్నటి గోధుమరంగు ఉంగరం ఉండాలి. 150తో ఉంగరం లేదు. 155తో లేత గీత. 160తో రెండు వైపులా పల్చటి టీ రంగు, అచ్చం ఒకేలా. 165 వేస్తే పైన బుర్రుమని ఎక్కిళ్లు, వెనక్కి 160కి వచ్చాను.

జెట్లు కొనేటప్పుడు జాగ్రత్త. ఒకచోట కొన్న రెండు 155లను వెలుతురుకి పట్టి చూస్తే రంధ్రాలు ఒకే సైజు కావు. నంబరు కొట్టినంత మాత్రాన నమ్మేసి ఉంటే ఆ రోజు తెల్ల ప్లగ్ మళ్లీ వచ్చేది.

ఇప్పుడు లెక్క: పైలట్ 25, క్లిప్ పైనుంచి నాలుగో గాడి, మెయిన్ 160, ఎయిర్ స్క్రూ రెంటికీ ఒకటిన్నర. ఇవన్నీ ఈ చలిగాలికి. మే ఎండల్లో గాలి పల్చబడ్డాక పెట్రోలు ఎక్కువవుతుంది, 155ల సరైన జత ఇప్పుడే వెతుకుతున్నాను. ఆరోజు ప్లగ్గులు రెండూ ఎడమ, కుడి అని రాసి డబ్బాలో పెట్టాను, మేలో పక్కన పెట్టి చూడటానికి.