మా సైట్‌ను సార్ విన్నప్పుడు

2025 వేసవిలో, మా చిన్న టీమ్ చూసుకుంటున్న ఒక ప్రభుత్వ శాఖ వెబ్‌సైట్‌ను దివ్యాంగులు కూడా వాడుకునేలా మార్చమని ఆర్డర్ వచ్చింది. నాకు పెద్ద టెన్షన్ అనిపించలేదు. అక్షరాలు పెంచే, తగ్గించే బటన్లు పైన అప్పటికే ఉన్నాయి. హోమ్ పేజీని ఒక ఆటోమేటిక్ టూల్‌తో చూస్తే 100కి 91 వచ్చింది. ఒక వారం కూర్చుంటే అయిపోతుందనుకున్నాను. ఐదు నెలలు పట్టింది.

మా కొలీగ్‌కి తెలిసిన ఒక టీచర్ ఉన్నారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. ఒకసారి మా సైట్ వాడి చూడమని అడిగితే, తన ల్యాప్‌టాప్ పట్టుకుని ఆఫీసుకే వచ్చారు. అందులో ఎన్‌వీడీఏ ఉంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది, ఉచితంగానే దొరుకుతుంది. మాకూ వినపడేలా సౌండ్ పెంచమన్నాను.

స్కాలర్‌షిప్ ఫారం తెరిచి ట్యాబ్ నొక్కారు. "ఎడిట్, బ్లాంక్" అంది. మళ్ళీ నొక్కారు. "ఎడిట్, బ్లాంక్." పన్నెండు గడులకూ అదే మాట. ఏది పేరు, ఏది ఆధార్, ఏది బ్యాంకు ఖాతా? మన కంటికి గడి పక్కనే కనిపించే పేరును కోడ్‌లో ఆ గడికి జత చెయ్యలేదు. పుట్టిన తేదీ క్యాలెండర్ మౌస్‌తో తప్ప తెరుచుకోదు. చివర్లో వంకర అక్షరాల క్యాప్చా. అక్కడికి రాగానే సార్ కీబోర్డు మీంచి చేతులు తీసేశారు.

"ఇక్కడ ఎవరినో ఒకరిని పిలవాలమ్మా. ఇంట్లో అయితే మా చిన్నమ్మాయిని పిలుస్తా. నా పాస్‌వర్డులు, బ్యాంకు నంబర్లు అన్నీ దానికి తెలుసు" అన్నారు, మామూలుగానే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఫారం కోడ్ రాసింది నేనే.

గడులకు పేర్లు జత చెయ్యడం రెండు రోజుల పని. క్యాప్చా తీసేసి ఓటీపీ పెట్టాం, టైమ్ చాలకపోతే పెంచుకునే వీలు ఇచ్చాం. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద లేత నారింజ అక్షరాలను ముదురు చేశాం. అక్షరానికీ వెనక రంగుకూ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలన్నది రూల్. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం కేంద్రం 2023లో తెచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0 గైడ్‌లైన్స్‌లో ఇవన్నీ ఉన్నాయి. చదివి పాటించడమే.

సెల్ఫీ దగ్గరే ఆగిపోయాం. దరఖాస్తుదారు కెమెరా ముందు ముఖం పెట్టి కళ్ళు ఆర్పాలి. అది తీసేస్తే దొంగ దరఖాస్తులు వస్తాయని అధికారి గారి భయం, అందులో అర్థం ఉంది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పు ఆయన ముందు పెట్టాను. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని అందులో ఉంది. ఆయన రెండు రోజులు చదివి, సెల్ఫీ దిగలేనివాళ్ళకు వేరే దారి పెట్టడానికి ఒప్పుకున్నారు. చదివి ఒప్పుకున్నందుకు ఆయనంటే నాకు గౌరవం.

అసలు పని తెలుగు దగ్గర పడింది. పేజీల భాష ఇంగ్లిష్ అని కోడ్‌లో ఉండటంతో ఇంగ్లిష్ గొంతే తెలుగు చదవబోయేది. దాన్ని తెలుగుకు మార్చగానే తెలుగు గొంతు అందుకుంది. కానీ సార్ ఒక సర్క్యులర్ పీడీఎఫ్ తెరిస్తే, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, అర్థంలేని చప్పుడు. అది అను ఫాంట్‌లో టైప్ చేసింది. కంటికి చక్కటి తెలుగే, లోపల మాత్రం వేరే అక్షరాలకు తెలుగు బొమ్మలు తొడిగి ఉంటాయి. సెర్చ్‌కీ దొరకదు, స్క్రీన్ రీడర్‌కీ అందదు. కొన్నయితే జిరాక్స్ కాపీని స్కాన్ చేసి పెట్టినవి, వాటిలో అక్షరమే లేదు, ఫొటో మాత్రమే. ఏళ్ళుగా సొంత భాషలో వచ్చిన ఉత్తర్వులు సార్‌కి ఒక్కటీ చేరలేదు.

అమల్లో ఉన్న ఉత్తర్వులు 140 తేలాయి. కన్వర్టర్‌లో వేస్తే యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షరాలు, వస్తుంది గానీ వత్తులు ఎగిరిపోతాయి. స్కాన్‌లను మళ్ళీ టైప్ చెయ్యాల్సి వచ్చింది. ప్రతి పేజీనీ ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే ఒకరు సరిచూశాం.

ఇకముందు వచ్చేవి? సెక్షన్‌లో టైపింగ్ చేసే పెద్దాయన పాతికేళ్ళుగా అనులో కొడుతున్నారు. "ఈ వయసులో కొత్త కీబోర్డు నావల్ల కాదమ్మా" అన్నారు. ఆయన వేళ్ళకు అలవాటైన 'ఆపిల్' అనే కీబోర్డు అమరికతోనే యూనికోడ్ కొట్టే సాఫ్ట్‌వేర్ ఉందని చూపించాను. నా ఎదురుగానే ఒక పేరా కొట్టి, "అదే కదా!" అని నవ్వారు.

ఆయన యూనికోడ్‌లో కొట్టిన మొదటి సర్క్యులర్ సైట్‌లో పెట్టిన సాయంత్రం సార్ ఫోన్ చేశారు.

"మొత్తం విన్నానమ్మా. ఒకటి చూడండి, ఆఖరు తేదీ నవంబరు 31 అని పడింది. నవంబరుకి 30 రోజులే కదా?"

అప్పటికి మా ఆఫీసులో నలుగురం చదివాం దాన్ని. వెంటనే సెక్షన్‌కి ఫోన్ చేసి మార్పించాను.