అనంతపురం ఎండల్లో లిథియం

బైపోలార్ అని, అంటే ఉద్ధృతి, కుంగుబాటు మారి మారి వచ్చే మానసిక వ్యాధి అని తేలిన ఏడాది నేను రాత్రంతా మేలుకొని, పెట్టని దుకాణాలకు లెక్కలు రాసేదాన్ని. గాజులు తాకట్టు పెట్టి ఆ డబ్బు ఎవరెవరికో పంచేశాను. ఆ ఉద్ధృతి దిగిపోయాక నెలల తరబడి తల దువ్వుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది. నన్ను మళ్లీ మనిషిని చేసింది లిథియం కార్బొనేట్. ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని 1949లోనే ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించారు. ఇంత పాత మందుకు నేను రుణపడి ఉన్నాను.

కానీ దీనితో కాపురం సులువు కాదు. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు పరీక్షకు రక్తం ఇవ్వాలి. రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే మంచిది, 1.5 దాటితే విషమవుతుంది. థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూపించుకుంటూ ఉండాలి.

ఒక మే నెలలో మా అత్తయ్యకు బీపీ అని ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించాం. బయట నిప్పులు చెరిగే ఎండ. వారం తిరగకముందే విరేచనాలు, నడకలో తూలు. చేతులు వణికి సంగటి ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు. పరీక్షలో 1.6 వచ్చింది.

"ఉప్పు తగ్గించారా అమ్మా?" అన్నది డాక్టరుగారి మొదటి ప్రశ్న. ఒంట్లో సోడియం, నీరు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయట. మాత్ర ఆపి సెలైన్ ఎక్కించారు. వణుకు మెల్లగా తగ్గింది. ఆ తర్వాత తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు అత్తయ్యకు కూర వేరుగా తీసి, మాకు ఉప్పు వేస్తాను. ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ముట్టను. అవీ లిథియాన్ని పెంచుతాయి.

అందుకే ఏఎల్001 అనే ప్రయోగ దశలోని మందు గురించి చదివినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. లిథియానికి సాలిసిలేట్, ప్రోలిన్ అనే పదార్థాలు కలిపి చేసిన కొత్త రూపమిది. మెదడుకు ఎక్కువ చేరి, రక్తంలో తక్కువ ఉండాలన్నది దాని ఉద్దేశం. కార్బొనేట్‌తో పోల్చి, మెదడులో ఎంత చేరుతోందో ఎంఆర్ఐతో కొలిచే అధ్యయనాన్ని బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో 2025లో మొదలుపెట్టారు, ముందుగా ఆరోగ్యవంతులపైన. అది నాలాంటి రోగులదాకా రావాలి. వేరుశనగ చేలో చెమటోడ్చేవాళ్ల మీద, తాగునీటికి ట్యాంకరు కోసం ఎదురుచూసేవాళ్ల మీద కూడా పరీక్షించాలి. చల్లటి ఊళ్లో భద్రంగా ఉన్న మోతాదు ఇక్కడా అలాగే ఉంటుందని నేను నమ్మలేను.

అంతవరకు కార్బొనేట్ మాననని డాక్టరుగారికి మాటిచ్చాను. ఈ ప్రాంతంలో ఎప్పుడైనా అలాంటి పరీక్ష జరిగితే నా పేరు ముందు రాయమని కూడా చెప్పి వచ్చాను.