ఎర్ర మాత్ర

"ఒరేయ్, మూత్రం నారింజ రంగులో వస్తోంది, రక్తమేమోరా!" నాన్న బాత్రూం తలుపు పట్టుకుని నిలబడ్డారు, చేయి వణుకుతోంది.

రక్తం కాదు నాన్నా, నిన్న మొదలుపెట్టిన టీబీ మందులో రిఫాంపిసిన్ ఉంది, దాని రంగే అది అన్నాను. టెన్షన్ తగ్గలేదు. మేడ మీదకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను, గాజువాక గాలి కాస్త చల్లగానే ఉంది.

టీబీ క్రిమిలో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. డీఎన్‌ఏ రెండు పేటల్నీ కొంచెం విడదీసి, ఒక పేటని చదువుకుంటూ, అక్షరాల్లాంటి రసాయన ముక్కల్ని ఒక్కొక్కటే చేర్చుకుంటూ ఆర్‌ఎన్‌ఏ అనే నకలు అల్లుతుంది. ఈ.కోలై బ్యాక్టీరియాలో అయితే సెకనుకి సుమారు 40 అక్షరాలు, ఎంత వేగమో చూడండి. ఆ ఆర్‌ఎన్‌ఏ లేకపోతే ప్రొటీన్లు లేవు, ప్రొటీన్లు లేకపోతే క్రిమి బతకదు.

రిఫాంపిసిన్ సరిగ్గా ఆ ఎంజైమ్‌లో ఆర్‌ఎన్‌ఏ బయటికొచ్చే దారిలోనే వెళ్లి కూర్చుంటుంది. రెండు మూడు అక్షరాలు అల్లేసరికి ఆర్‌ఎన్‌ఏకి ముందుకు జరగడానికి చోటుండదు. అప్పటికే పొడవుగా పెరిగిపోయినదాన్ని మాత్రం ఆపలేదు, మొదట్లోనే పట్టుకోవాలి. మన కణాల్లోని ఎంజైమ్ తీరు వేరు, ఈ మోతాదుకి అది ఆగదు.

"మా స్టీల్‌ప్లాంట్ కన్వేయర్‌కి రాయి అడ్డం పడ్డట్టు" అన్నారు నాన్న. అవును, అచ్చం అంతే.

రేపు పరగడుపున వేసుకోవడానికి అలారం ఆయనే పెట్టుకున్నారు.