ఈ రోజు ఓటు వేశాను

ఫిబ్రవరి 25, 2020, మంగళవారం
ఇర్వింగ్, టెక్సస్

పొద్దున పెరుగు గిన్నె కోసం ఫ్రిజ్ తలుపు తీశాను. గోంగూర సీసా పక్కన నిలబెట్టిన ఇన్సులిన్ డబ్బా జారి నేల మీద పడింది. లోపల ఒక కార్ట్రిడ్జి పగిలింది. చూపుడు వేలంత గాజు గొట్టం. ఆ కొద్ది చుక్కలకే వంటిల్లంతా ఆసుపత్రి వాసన వచ్చింది. అత్తయ్య గబగబా వచ్చి, "పోనీలేమ్మా, కాలికి గుచ్చుకోలేదు కదా" అన్నారు. అన్నారే గానీ, మిగిలినవాటిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. డిసెంబరులో వచ్చేటప్పుడు ఆరు నెలలకు సరిపడా మందును ఐసు ప్యాకెట్ల మధ్య సర్దుకుని, విజయవాడ నుంచి డాలస్ దాకా ఆ సంచీని ఒళ్లోంచి దించకుండా తెచ్చుకున్నారు ఆవిడ.

అదే రకం మందు ఈ 2020లో ఇక్కడ ఒక చిన్న సీసా 275 డాలర్ల దాకా ఉంది. 1996లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 21 డాలర్లు. మందులో పెద్ద మార్పేమీ లేదు, ధర మాత్రం పెరుగుతూ పోయింది. దాదాపు వందేళ్ల క్రితం టొరంటోలో ఇన్సులిన్‌ను కనిపెట్టినవాళ్లు ఒక్కో డాలరు మాత్రం తీసుకుని దాని పేటెంటును విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. అందరికీ అందాలని ఇచ్చినది చివరికి ఇలా తయారైంది.

అధ్యక్ష పదవికి డెమొక్రటిక్ పార్టీ తరఫున నిలబడాలని పోటీ పడుతున్న సెనేటర్ బెర్నీ శాండర్స్ పోయిన జూలైలో కొంతమంది మధుమేహ రోగులను బస్సు ఎక్కించుకుని డెట్రాయిట్ నుంచి నది అవతల ఉన్న కెనడాకు, విండ్సర్ పట్టణానికి తీసుకెళ్లారు. అక్కడి మందుల దుకాణంలో ఇన్సులిన్ ధర ఇక్కడి ధరలో పదో వంతు. నడివయసు అమ్మలు పిల్లల కోసం సంచుల్లో మందు నింపుకుని తిరిగి రావడం టీవీలో చూశాను. నా ఓటు ఎవరికో ఆ రోజే తేలిపోయింది.

మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు నుంచి బయటపడి పోలింగ్ కేంద్రానికి వెళ్లాను. టెక్సస్‌లో అసలు ప్రైమరీ, అంటే పార్టీ తరఫు అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, వచ్చే మంగళవారం, మార్చి 3న. ముందస్తు ఓటింగు ఈ శుక్రవారం దాకా ఉంది. ఇక్కడ పార్టీ సభ్యత్వం అక్కర్లేదు, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడికక్కడే చెప్పాలి. బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ డ్రైవింగ్ లైసెన్సు చూసి ఏ పార్టీ అని అడిగారు. "డెమొక్రటిక్" అనడానికి నా గొంతు కాస్త వణికింది. 2018లో పౌరసత్వం వచ్చాక అధ్యక్ష పదవి అభ్యర్థిని ఎంచుకోవడం నాకు ఇదే మొదటిసారి. యంత్రం తెర మీద పొడవాటి జాబితా కనబడింది. ఇప్పటికే పోటీ నుంచి తప్పుకున్న ఆండ్రూ యాంగ్ పేరు కూడా ఇంకా అందులోనే ఉంది. శాండర్స్ పేరు మీద వేలు పెట్టి, కాగితం బయటికి వచ్చాక ఆ పేరు మరోసారి చదువుకుని, పెట్టెలో వేశాను.

కారులో కూర్చుని వెంటనే బయలుదేరలేకపోయాను. 2011 గుర్తొచ్చింది. నాకు ఏడో నెల. ఒక సాయంత్రం మా వారు ఆఫీసు నుంచి అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. ఉద్యోగంతో పాటు వీసాకు ఆధారం పోయింది, ఇన్సూరెన్సు కూడా పోయింది. ఇన్సూరెన్సు కొనసాగించాలంటే మొత్తం మేమే కట్టుకోవాలని ఉత్తరం వచ్చింది. ఆ అంకె మా ఇంటి అద్దెకంటే ఎక్కువ. కొత్త కంపెనీ దొరికేదాకా మూడు వారాలు కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా సంతోషం కంటే ముందు భయం వేసేది. హెచ్-1బి మీద బతికిన ప్రతి తెలుగు ఇంటికీ ఈ భయం తెలుసు. మనం దాన్ని మన వీసా కష్టం అనుకుంటాం. నిజానికి వీసా గొడవ లేని ఇక్కడివాళ్లకు కూడా ఉద్యోగం పోతే వైద్యం పోతుంది. ఈ దేశంలో ఏ ఇన్సూరెన్సూ లేనివాళ్లు 2018లో 2 కోట్ల 75 లక్షల మంది. జబ్బు చేసిన మనిషికి వైద్యం అందాలా వద్దా అన్నది ఆ మనిషి యజమాని చేతిలో ఉండకూడదు. శాండర్స్ మాటల్లో నన్ను పట్టుకున్నది ఇదే. యజమానితో పని లేకుండా ప్రభుత్వమే అందరికీ ఆరోగ్య ఇన్సూరెన్సు ఇవ్వాలన్నది ఆయన పథకం.

రాత్రి బావగారు భోజనానికి వచ్చారు. చార్ల్‌స్టన్ నుంచి అభ్యర్థుల చర్చ వస్తుంటే అందరం టీవీ ముందు కూర్చున్నాం. నెవాడా రాష్ట్రంలో శనివారం జరిగిన పార్టీ ఓటింగులో గెలిచినందుకు ఈ రోజు అందరూ శాండర్స్ మీదే పడ్డారు. ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

"అన్నీ ఉచితమంటే ఎవరు వద్దంటారమ్మా? డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?" అన్నారు బావగారు.

"ఇప్పుడు మాత్రం మనం ఊరికే చూపించుకుంటున్నామా బావగారూ?" అన్నాను. నెలకు 600 డాలర్లు నా జీతంలో కోసేస్తున్నారు, అది చాలక ఏటా మొదటి 3,000 డాలర్ల బిల్లులు మేమే కట్టుకోవాలి. దానికి పన్ను అన్న పేరు లేదు, అంతే తేడా. పన్ను పెరుగుతుందని శాండర్స్ దాచలేదు. ఈ కోతలన్నీ పోతాయి కాబట్టి చాలా కుటుంబాలకు మిగులే అంటున్నారు. ఆరోగ్యశ్రీ మొదలైన 2007లో కూడా ఇదే ప్రశ్న వేశారు కదా అని గుర్తు చేశాను. మా మేనమామ చిన్న రైతు. తెల్లకార్డు చూపించి గుండె ఆపరేషన్ చేయించుకుని, ఎకరం కూడా అమ్మకుండా ఇంటికి వచ్చాడు. ఆరోగ్యశ్రీలో లోటుపాట్లు లేవని అనను. కానీ ఆ కార్డు లేకపోతే మామయ్య ఈ రోజు ఉండేవాడు కాదు. ఆ సంగతి బావగారికీ తెలుసు, అందుకే ఆయన ఆ మాట వదిలేసి "ట్రంప్ మీద ఇతను గెలవలేడు" అన్నారు.

నెవాడా సంగతి చెప్పాను. లాస్ వేగస్ హోటళ్లలో పనిచేసేవాళ్ల యూనియన్ తన సభ్యులకు మంచి ఇన్సూరెన్సు సంపాదించిపెట్టింది. అది పోతుందని యూనియన్ నాయకులు శాండర్స్ పథకాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అయినా ఆ హోటళ్ల మధ్యే పెట్టిన ఓటింగు కేంద్రాల్లో ఎక్కువ చోట్ల ఆయనే గెలిచారు. పక్కలు సర్దేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు తమకున్నది తమ అన్నదమ్ములకూ ఉండాలనుకున్నారు. ఇలాంటివాళ్లు కదిలి వస్తే గెలవకపోవడం ఏమిటి? ఆయనకు వచ్చే విరాళం సగటున 18 డాలర్లు. ఇక్కడ టీవీ పెడితే చాలు, పోటీలో ఉన్న కోటీశ్వరుడు బ్లూంబర్గ్ సొంత డబ్బుతో వేసే ప్రకటనలే. ఎవరి మాట ఎవరు వింటారో అక్కడే తెలుస్తుంది.

నాకూ బెంగలు ఉన్నాయి. ఆయనకు 78 ఏళ్లు, అక్టోబరులో గుండెపోటు వచ్చింది. 2007లో వలస బిల్లును వ్యతిరేకించారు, తక్కువ జీతానికి మనిషి దొరుకుతాడని కంపెనీలు విదేశీ వీసాలను వాడుకుంటున్నాయని ఇప్పటికీ అంటారు. మనవాళ్లకు ఆ మాట కష్టంగా ఉంటుంది. కానీ తక్కువ జీతానికి, నోరెత్తకుండా పనిచేసింది మనమే కదా, అందులో అబద్ధం ఏముంది? బావగారు ఒప్పుకోలేదు. పోటీలో ఉన్న ఇంకో అభ్యర్థి బైడెన్‌కే వేస్తానన్నారు. ఎవరికైనా సరే, శుక్రవారం లోపు వెళ్లి వేయండి అన్నాను.

ఆయన వెళ్లాక గిన్నెలు సర్దుతుంటే అత్తయ్య అడిగారు: "ఈ పెద్దాయన గెలిస్తే, వచ్చేసారి నేను మందు మోసుకు రానక్కర్లేదా?"

"మీరు చుట్టంచూపుగా వచ్చినవారు అత్తయ్యా, మీకు వర్తించదు. మాకు ఎలాగూ ఇప్పుడు ఇన్సూరెన్సు ఉంది."

"మరి ఎవరి కోసమమ్మా ఇంత వాదన?"

పోయిన నెల మందుల దుకాణంలో వరసలో నా ముందు నిలబడిన అమ్మాయి గురించి చెప్పాను. ఒంటి మీద హోటలు యూనిఫాం, చంకలో పిల్లాడు. కౌంటరు మీద రెండు మందులుంటే బిల్లు చూసి, ఒకటి మెల్లగా వెనక్కి జరిపింది. పిల్లాడిది ఉంచుకుంది.

అత్తయ్య ఏమీ అనలేదు. ఫ్రిజ్ తలుపులోని ఇన్సులిన్ డబ్బా తీసి, పాత తువ్వాలు చుట్టి, కింది అరలో కూరగాయల వెనక పెట్టారు.