ఉగాది మొదలు ఒంటిమిట్ట దాకా

ఉద్యోగాలున్నప్పుడు ఉగాది ఒక్కరోజు సెలవుతో అయిపోయేది, ఇప్పుడు ఇద్దరం రిటైరైనాక చైత్రమాసమంతా మాదే అనిపిస్తోంది. పచ్చడి నైవేద్యం పెట్టి నేనూ మా ఆయనా పొద్దున్నే దేవుని కడపకు పోయినాం, ఆ రోజు ముస్లింలు కూడా కొబ్బరికాయ, బెల్లం తెచ్చి స్వామికి ఇస్తారు, బీబీ నాంచారి మా ఇంటి ఆడపిల్ల, వేంకటేశ్వరుడు మా అల్లుడు అంటారు, క్యూలో నా ముందున్న పెద్దామె కూడా అదే చెప్పింది, ఎన్నిసార్లు విన్నా మనసు నిండిపోతుంది నాకు.

తర్వాత పెన్షనర్లమంతా కలిసి చలివేంద్రం పెట్టినాం. మజ్జిగలోకి అల్లం, కరివేపాకు దంచేది ఆడవాళ్లం, కుండలు నింపేది మగవాళ్లు. కడప ఎండ తెలుసు కదా, ఆటోవాళ్లు ఆగి తాగిపోతుంటే చాలా తృప్తి.

ఒంటిమిట్ట కల్యాణానికి బెంగళూరు నుంచి కూతురూ పిల్లలూ వచ్చినారు. భద్రాచలంలో నవమినాడు పగలు చేస్తారు, ఇక్కడ రాత్రి పూట వెన్నెల్లో, రాష్ట్రం విడిపోయినాక 2015 నుంచి ప్రభుత్వం తరఫున కూడా ఇక్కడే చేస్తున్నారు. గర్భగుడిలో ఆంజనేయుడు ఏడీ అని మనవరాలు అడిగింది, రాముడు హనుమంతుణ్ణి కలవకముందటి విగ్రహాలంటారమ్మా అని తాతే చెప్పినాడు.

సెలవుల్లో మళ్లీ వస్తారంట, గండికోట చూపిద్దామంటున్నాడు మా ఆయన. తెల్లారకముందే బయల్దేరితేనే వస్తా అని చెప్పినా.